వెనుక బండి ఊగిసలాట



నేడు నేను తమతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చిన్నదిగా దోచును. ట్రాక్టరు వెనుక గట్టిన ట్రక్కు రహదారిమీద కుడికి నెడమకు ఏల ఊగును, ఊగకుండ జేయుట యెట్లు, అనునదియే యా విషయము. కాని మన గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో మిరపయు ప్రత్తియు పండించు కుటుంబమునకు ఏడాది కష్టమంతయు ఒక్కరాత్రి యా ట్రక్కు మీదికెక్కి రోడ్డున బడును. దానితోబాటు ఇంటి పిల్లవాడొకడు ట్రాక్టరు నడుపుచుండును. కూలివా రిద్దరు ముగ్గురు టిక్కీలమీద కునుకు తీయుచుందురు. కావున నిది చిన్న విషయము గాదు.

నేనిప్పుడు గుంటూరు బ్రాడీపేటలో కాపురమున్నాను గాని, పుట్టిపెరిగినది ప్రత్తిపాటి వైపున నొక నల్లరేగడి పల్లెలో. మిరప కోతల దినములు వచ్చినచో, పల్లెలనుండి వచ్చు బంధువులు యార్డులో సరకు దింపి, స్నానమునకు భోజనమునకు మా యింటికి వత్తురు. మొదట ధరలు మాటలాడుకొందురు. పిమ్మట దారిలోని కష్టములు చెప్పుకొందురు. ఆ మాటలలో తఱచుగా వినవచ్చునది యొకటి కలదు: “వంతెన దిగునప్పుడు ట్రక్కు తోక ఊపినది, దైవకృపవలన బయటపడితిమి.” ఆ మాట విన్నప్పుడెల్ల నా గుండె ఝల్లుమనును. ఎందుచేతననగా, మాకొకప్పుడు దైవకృప చాలలేదు.

అది యిప్పటికి పదునైదేండ్ల క్రిందటి సంగతి. మా మిరపకాయలు ట్రక్కులో వెనుక సగమున నెక్కించి, ముందు సగము ఖాళీగా విడిచితిమి. దారిలోని పల్లెలో మా బంధువొకాయన టిక్కీలు ఆ ఖాళీలో వేసికొనవలెనని యేర్పాటు. తీరా పోయిన పిమ్మట ఆయన తన సరకు మరునాటికి వాయిదా వేసెను. వెనుకనున్న టిక్కీలను ముందునకు జరుపుటకు అరగంట పట్టును. చీకటిపడినది, కూలివారు అలసియున్నారు. “ఈ కొంచెము దూరమునకేమి, పోనిమ్ము” అని యన్నది నేనే. పెద్దరోడ్డు మీద ఒక వంతెన దిగుచుండగా ట్రక్కు ఊగసాగెను. నడుపుచున్న మా మేనల్లుడు బెదరి బ్రేకు గట్టిగా త్రొక్కెను. ట్రక్కు అడ్డముతిరిగి ఒరిగిపోయెను. టిక్కీలమీదనున్న హమాలీ క్రిందబడి తొడయెముక విరుగగొట్టుకొనెను. ప్రాణము దక్కినది గాని, నాటినుండి ఆతడు బరువెత్తి యెరుగడు. ఆ పిల్లవానికి బ్రేకు త్రొక్కరాదని చెప్పినవారెవరు? బరువు వెనుకనుండరాదని యెరిగియు నూరకున్నది నేనుగదా. అందుచే తప్పు నాదియే యని నేటికిని నమ్ముచున్నాను. ఆ తప్పు తమ యింట జరుగకూడదనియే యీ ప్రసంగము.

ఇందులో మొదటి సూత్రము మనకు క్రొత్తది గాదు. ఎద్దుబండి తోలినవారందరును దాని నెరుగుదురు. బండికి ఇరుసు నడుమ నుండును. సరకు ఇరుసునకు వెనుకగా నెక్కువైనచో నొగ పైకి లేచి, కాడి ఎడ్ల మెడలను విడిచి మీదికి బోవును. పలుపులు గొంతులకు బిగియును. ముందున కెక్కువైనచో కాడి మెడలను అణగద్రొక్కును. అందుచే మన తాతలు బస్తాలు సర్దునప్పుడు, కాడిమీద కొంచెము బరువు నిలుచునట్లు, అనగా ఇరుసునకు ముందు రవ్వంత మొగ్గుండునట్లు సర్దెడివారు. నొగను చేతితో నెత్తిచూచి, “చాలు” అనెడివారు. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చినది. కాడి పోయి పిన్ను వచ్చినది. సూత్రము మాత్రము మారలేదు. మారినది వేగము. ఎద్దుబండికి వెనుక బరువెక్కువైనచో ఎద్దులు బాధపడి మనకు తెలియజేసెడివి. ట్రాక్టరు నోరులేనిది, రహదారిమీదికి వచ్చి వేగమందుకొనువరకు అది యేమియు చెప్పదు.

వెనుక బరువున్న ట్రక్కు ఏల ఊగవలెను? బాణమును దలచుకొనుడు. దానికి ఇనుపములికి ముందును, ఈకలు వెనుకను ఏల కట్టిరి? బరువు ముందుండి, గాలిని పట్టుకొను ఈకలు వెనుకనుండుటచే బాణము తిన్నగా పోవును. ఒకవేళ ప్రక్కకు దిరిగినను ఈకలు దానిని సరిదిద్దును. అదే బాణమును త్రిప్పి, బరువు వెనుకకు వచ్చునట్లు విడిచినచో, అది గాలిలో పల్టీలు కొట్టును. ట్రక్కునకు చక్రములే ఈకలు. బరువు చక్రములకు ముందున్నంతకాలము, ఏ గోతివలననో గాలివలననో ట్రక్కు ప్రక్కకు జరిగినను, వెనుకనున్న చక్రములు నేలను బట్టి దానిని దారికి దెచ్చును. బరువు చక్రములకు వెనుక జేరినచో, ఆ బరువే ఒడిసెలలోని రాయివలె బయటికి విసరుకొని పోవును. చక్రములు దాని నాపజాలవు.

ఇక వేగము సంగతి. ప్రతి ట్రక్కునకును, దాని బరువును సర్దిన విధమునుబట్టి, ఒక హద్దు వేగము కలదు. ఆ హద్దునకు లోబడి పోవునప్పుడు ట్రక్కు ఒకమారు ఊగినను, రెండవ ఊపు చిన్నది, మూడవది యింకను చిన్నది యై అణగిపోవును. హద్దు దాటినచో ప్రతి ఊపును ముందటి దానికంటె పెద్దదగును. ఉయ్యాలను సమయమెరిగి త్రోయుచున్నట్లే. బరువు వెనుకకు జరిగినకొలదియు ఆ హద్దు క్రిందికి దిగును. నిన్న ఏ వేగమున సుఖముగా వచ్చితిమో, నేడు సర్దుట చెడినందున అదే వేగమున ప్రమాదము కలుగవచ్చును. “ఎన్నడును కానిది నేడేల యైనది?” అని యడుగువారికి ఇదియే సమాధానము.

మన బిడ్డలు పలువురు అమెరికా దేశమున పనులు చేసికొనుచున్నారుగదా. అచ్చట ఊరు మారునప్పుడు సామానులకై అద్దెకు చిన్న ట్రక్కు తీసికొని కారు వెనుక గట్టుకొందురు. యూహాల్ అను అద్దెకంపెనీవారు ఆ దేశమున ప్రసిద్ధులు. వారు చెప్పు నియమమేమనగా, బరువులో నూటికి 60 పాళ్లు ట్రక్కు ముందు సగమున నుండవలెను. కారు వెనుక లాగు మామూలు ట్రక్కులకు, మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కలిపెడి కొక్కెముపై నిలువవలెనని ఆ దేశమున వాడుక. మన తాతలు నొగను చేతితోనెత్తి తెలిసికొన్నదే వారు లెక్కగట్టి చెప్పినారు.

మన ట్రక్కులు రెండు విధములు. రెండుచక్రముల ట్రక్కునకు ఇరుసు నడుమకంటె కొంత వెనుకగా నుండును. అందుచే సరకు ముందునుండి వెనుకకు సమముగా నింపినచో, కొంత బరువు దానంతట నదియే ట్రాక్టరు కొక్కెముపై నిలుచును. చెడుట మన చేతులలో నున్నది. దింపుటకు సులువని వెనుక తలుపువద్ద గుట్టవేయుట, తలుపు దించి దానిమీద కూడ టిక్కీలు పేర్చుట, వాసములవంటి పొడుగు సామాను వెనుకకు వ్రేలాడవేయుట, ఇవి మానవలెను. ఇద్దరు రైతుల సరకు ఒకే ట్రక్కులో పోవునప్పుడు మఱియొక జాగ్రత్త కావలెను. దారిలో ముందుభాగపు సరకు దింపినచో, మిగిలినదానిని ముందునకు జరిపినగాని కదలరాదు. మేము చేయక చెడినది ఈ పనియే. అట్లని సరకంతయు ముందున గుమ్మరింపను గూడదు. కొక్కెముపై బరువు మితిమీరినచో ట్రాక్టరు ముందుచక్రములు తేలిపోయి, స్టీరింగు మాట వినదు. సమతలముపై నిలిపి ప్రక్కనుండి చూచునప్పుడు ట్రక్కు అడుగు చదునుగనో, ముందునకు రవ్వంత వంగియో యుండవలెను. తోక వంగియున్నచో ఆ బండిని ఇల్లు కదలనీయరాదు.

నాలుగుచక్రముల ట్రక్కు సంగతి వేరు. దానికి ముందు ఇరుసు నొగతో గూడ తిరుగును. బరువంతయు దాని చక్రములే మోయును. కొక్కెముపై నేమియు నిలువదు. అందుచే సరకు రెండు ఇరుసులపై సమముగా బడవలెను. ఆ ముందు ఇరుసు తిరుగుచోట అరుగుదల యున్నచో, ట్రక్కు పామువలె మెలికలు తిరుగుచు వచ్చును. కావున నేటేట కోతలకు ముందే దానిని విప్పించి, అరిగిన భాగములు మార్పించి, గ్రీజు పెట్టింపవలెను.

ఒక చిన్న లెక్క చెప్పెదను. మిరప టిక్కీ ఇంచుమించు 45 కిలోలు తూగునని యనుకొందము. 80 టిక్కీలు వేసినచో సరకే 3,600 కిలోలు. ట్రక్కు సొంత బరువు దానికి అదనము. మన పొలములలో తిరుగు మామూలు ట్రాక్టరు రెండువేల కిలోలకు అటునిటుగా నుండును. అనగా లాగునదానికంటె లాగబడునదియే రెట్టింపు బరువు. అది కదలుటకు ట్రాక్టరు చాలును. అది తిరుగబడినప్పుడు నిలుపుటకు ట్రాక్టరు చాలదు. పైగా మన ట్రక్కులలో చాలవాటికి సొంత బ్రేకులే యుండవు. వేగము 20 కిలోమీటర్లనుండి 30 కి పెరిగినచో ఆ బరువులోని ఊపు ఒకటిన్నర రెట్లు గాదు, రెండుంబావు రెట్లగును. 40 కి బెరిగినచో నాలుగు రెట్లగును. చిలకలూరిపేటనుండి గుంటూరునకు ఇంచుమించు 40 కిలోమీటర్లు. గంటకు 20 చొప్పున పోయినచో రెండు గంటలు. 30 చొప్పున పోయినచో ఒక గంటా ఇరువది నిమిషములు. మిగులునది నలువది నిమిషములు. ఆ నలువది నిమిషములలో యార్డులో మిరప ధర పెరిగిపోదు.

ప్రత్తి విషయమున మఱియొక చిక్కు కలదు. ప్రత్తి తేలిక, అందుచే ఎత్తుగా పేర్తురు. ఎత్తు పెరిగినకొలది ప్రక్కగాలి పట్టు పెరుగును, ఒరుగుట సులువగును. మదరాసునుండి కలకత్తాకు బోవు పెద్దరోడ్డు, పూర్వము అయిదవ నంబరుదిగా పిలువబడి నేడు 16వ నంబరు జాతీయ రహదారి యైనది, మన చిలకలూరిపేట, ఎడ్లపాడు, గుంటూరుల మీదుగా పోవుచున్నది. దానిపై పెద్ద లారీలును బస్సులును మనలను దాటిపోవునప్పుడు, మొదట వాని గాలి ట్రక్కును ప్రక్కకు నెట్టును. దాటిన పిమ్మట తమవైపునకు లాగికొనును. నెట్టుట, లాగుట రెండును కలిసి మొదటి ఊపును పుట్టించును. కావున ఎత్తైన సరకుతో ఎడమ అంచున, తిన్నగా, నిదానముగా పోవలెను. పెనుగాలి వీచునప్పుడు ప్రయాణము నిలుపుట మేలు. వెనుక ఎఱ్ఱదీపమును, వెలుగు తగిలిన మెరయు పట్టీలును తప్పక యుండవలెను.

ఇక ట్రాక్టరును ట్రక్కును కలుపుచోటు. కొక్కెపు రంధ్రము అరిగి వెడల్పైనచో పిన్ను అందులో ఆడుచుండును. ఆ చిన్న ఆటయే వెనుక తోకవద్ద జానెడు ఊపగును. పిన్ను పోయినదని గునపపు ముక్కయో పాత బోల్టో దూర్చుట నేను కన్నులార చూచితిని. అది ఆత్మహత్యకు సమానము. సరియైన పిన్ను, అది పైకి లేవకుండ క్లిప్పు, పిన్ను విరిగినను ట్రక్కు విడివడకుండ గట్టి గొలుసు, ఈ మూడును కావలెను. ట్రక్కును ట్రాక్టరు క్రిందిభాగపు కొక్కెమునకే తగిలింపవలెను. ఇరుసుకంటె ఎత్తైనచోట తగిలించినచో, ట్రాక్టరు ముందుభాగము లేచి వెనుకకు తిరుగబడి, నడుపువాని ప్రాణము తీయును. టైర్లలో గాలి ఇరుప్రక్కల సమముగా నుండవలెను. ఒకటి మెత్తబడినను ఊపు మొదలగును.

బ్రేకు విషయము ముఖ్యముగా వినుడు. ట్రాక్టరునకు కుడిచక్రమున కొకటి, ఎడమచక్రమున కొకటి, రెండు బ్రేకు పెడళ్లు కలవు. చేనిలో మూల తిరుగుటకు ఒక్కదానినే త్రొక్కుట సదుపాయము. రోడ్డుమీద అది మృత్యువు. ఒక్క చక్రమే పట్టుకొనినచో ట్రాక్టరు గిఱ్ఱున తిరుగును. వెనుకనున్న బరువు దానిని మఱింత త్రిప్పి పడవేయును. అందులకే ఆ రెంటిని కలిపి బిగించుటకు ఒక చిన్న గడియ అమర్చియుందురు. చేను విడిచి రోడ్డెక్కునప్పుడు ఆ గడియ వేయవలెను. ఆ గడియ తుప్పుపట్టి కదలకయున్నచో, ఆ ట్రాక్టరు రోడ్డునకు పనికిరాదని యెంచుడు.

వంతెనలు దిగునప్పుడు నూనె మిగులునని గేరు తీసి న్యూట్రలులో విడుచువారు కలరు. దిగుడులో వెనుకబరువు ట్రాక్టరును ముందునకు నెట్టును. అప్పుడు గేరు లేనిచో ఇంజను పట్టు లేదు. ఊపు పుట్టుటకు అంతకంటె మంచి తరుణము వేరొకటి లేదు. దిగుడు మొదలు కాకమునుపే చిన్నగేరు వేసికొని, ఇంజను పట్టుతోనే మెల్లగా దిగవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ట్రక్కు ఊగినచో ఏమి చేయవలెను? కుఱ్ఱవాండ్రకు దీనిని కంఠపాఠము చేయింపుడు. మొదట, ఎక్సలేటరు మెల్లగా విడువవలెను. రెండవది, స్టీరింగు తిన్నగా, గట్టిగా పట్టుకొనవలెను; ట్రక్కు కుడికి పోయిన నెడమకు, ఎడమకు పోయిన కుడికి త్రిప్పరాదు. త్రిప్పినచో మన చేతులే ఉయ్యాల నూపును. మూడవది, బ్రేకు గట్టిగా త్రొక్కరాదు, క్లచ్చు నొక్కరాదు. గేరులోనే యుంచి వేగము తగ్గనీయవలెను. ఊపు అణగిన పిమ్మట ఎడమ అంచున నిలిపి, దిగి, కారణము వెదకి, సరకు మరల సర్దికొన్నగాని కదలరాదు. “వేగము పెంచిన ట్రక్కు తిన్ననగును” అని కొందఱందురు. ఆ మాట నమ్మకుడు. హద్దు దాటుటచే పుట్టిన ఊపు హద్దును ఇంకను దాటినచో ఎట్లణగును?

ఇంకొక్క మాట చెప్పక విడువజాలను. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలమున, బొల్లవరము వద్ద, మిరపకోతలకు పోయి తిరిగివచ్చుచున్న కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు మరణించిరి. ఉదయము చద్దిమూట గట్టుకొని చేనికి పోయిన తల్లులు సాయంకాలము ఇల్లు చేరలేదు. ట్రక్కు సరకుల బండి. మనుష్యుల బండి గాదు. టిక్కీ ఒకచోట వేసిన అచ్చటనే యుండును. మనుష్యులు ఒక ప్రక్కకు వాలినచో బరువు ఒక్కసారిగా వాలును. ఒరిగిన ట్రక్కులో పట్టుకొనుట కేమియు లేదు. చట్టము దీనిని నిషేధించినది. చట్టము సంగతి యట్లుండ, మన చేలో కాయకోసిన చేతులను సుఖముగా ఇంటికి జేర్చుట మన ధర్మముగదా. కూలీలకు ఆటోయో బస్సో కుదుర్చుటకగు ఖర్చును కోతకూలిలో భాగముగా నెంచుడు. నిండుసరకు మీద ఎవ్వరిని పండుకొననీయకుడు.

పెద్దలారా, ఈ మాటలు నడుపు కుఱ్ఱవానికి చెప్పక తమకేల చెప్పుచున్నానని యడుగవచ్చును. ట్రక్కు రోడ్డుమీద ఊగుటకు కారణము రోడ్డుమీద పుట్టదు. కళ్లములో టిక్కీలు పేర్చునప్పుడే అది పుట్టును. ఆ వేళ అచ్చట నిలిచియుండువారు తాము. హమాలీ అలసియుండును; కుఱ్ఱవాడు తొందరపడుచుండును. “వీనిని ముందునకు జరుపుడు, ఆ పిమ్మటనే కదలుడు” అనగల నోరు తమ యొక్కరిదే. ఆనాడు ఆ నోరు నాకును ఉండెను. నేను దానిని తెరువనైతిని.

మనము క్రొత్తగా ట్రాక్టరు కొన్నప్పుడు, ఏటేట మొదటిసరకు కదలునప్పుడు, కొబ్బరికాయ కొట్టి, దిష్టికి నిమ్మకాయలు కట్టుదుము. మంచి ఆచారము. ఆ నిమ్మకాయ కట్టిన చేతితోనే పిన్నును ఒకమారు కదిపి చూడుడు. బ్రేకు గడియ వేసినారా యని అడుగుడు. టైరును తట్టి చూడుడు. ప్రక్కగా నిలిచి, తోక వంగినదేమో కనిపెట్టుడు. ఇంతకు అయిదు నిమిషములు చాలును. ఆ అయిదు నిమిషములు తమ ఊరి ఆచారమైనచో, యార్డుకు పోయిన పిల్లలు సరకు అమ్ముకొని, తెల్లవారునప్పటికి తమ వాకిట దిగుదురు.